మిర్చి కోల్డ్ స్టోరేజీలో గోధుమ కొవ్వు

విద్యార్థుల ఒంట్లో ఉన్న కొవ్వు రంగు మార్చాలని మా విశ్వవిద్యాలయం ఒక సోమవారం ఉదయం పదకొండున్నరకి, ఉప్మా పెసరట్టు ప్లేట్లు తీసేసిన తర్వాత, ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. పరీక్షల విభాగం సూపరింటెండెంటుని కాబట్టి నాకు ఓటు లేదు, మినిట్స్ రాసే పని మాత్రం ఉంది. ఇరవై ఏడేళ్ళుగా రాస్తున్నాను. లోపల ఎవరెంత తెలివితక్కువగా మాట్లాడినా దాన్ని "కూలంకషంగా చర్చించిన మీదట" అని రాయడమే నా ఉద్యోగం.

జరిగిందేమిటంటే, మా ఉపకులపతిగారు ఏదో చలిదేశంలో సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ ఆయనకి ఒక సంగతి చెప్పారు. మనిషి ఒంట్లో కొవ్వు రెండు రకాలట. తెల్ల కొవ్వు తిన్నది దాచుకుంటుంది. గోధుమ రంగు కొవ్వు మెడ దగ్గరా, కాలర్ ఎముకల పైనా కాస్తంత ఉంటుంది. చలేస్తే అది తనలో ఉన్న ఇంధనాన్ని మండించి ఒంటికి వేడి పుట్టిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి ఎక్కువ, వయసు మళ్ళినవాళ్ళకి తక్కువ. వ్యాయామం చేస్తే కుర్రవాళ్ళలో అది ఇంకా పెరుగుతుందేమో అని అక్కడి శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. ఆ "ఏమో" అన్నది విమానంలో ఎక్కడో జారిపోయింది. మా జిల్లాలో దిగేసరికి "పెరుగుతుంది" అన్నది ఒక్కటే మిగిలింది.

"తెల్ల కొవ్వు సోమరి, గోధుమ కొవ్వు కర్మయోగి," అన్నారు ఉపకులపతిగారు సమావేశంలో. "మన యువత జీవక్రియ మందగించింది. అందువల్లనే జాతి జీవక్రియ మందగించింది. దాన్ని రగిలించే చారిత్రక బాధ్యత మన భుజస్కంధాల మీద ఉంది."

"కాలర్ ఎముకల మీద సార్," అని సవరించారు ప్రొఫెసర్ ఫణిభూషణం. అందరూ చప్పట్లు కొట్టారు. గోధుమ కొవ్వు అధ్యయన కేంద్రానికి ఆయనే డైరెక్టరని ఆ చప్పట్లతోనే తేలిపోయింది. ఆయన చదివింది మధ్యయుగాల భూమిశిస్తు. మొన్నటిదాకా చిరుధాన్యాల కేంద్రానికి డైరెక్టరు, అంతకు ముందు వర్షపునీటి కేంద్రానికి, అంతకు ముందు చిరునవ్వుల కేంద్రానికి. బోర్డు మీద పేరు మారుతూ ఉంటుంది, కుర్చీ మాత్రం అదే.

మొదటి ఆరు నెలలూ పని పద్ధతిగానే జరిగిందని ఒప్పుకోవాలి. వైద్యం చదివిన ఒకావిడని పిలిపించి అప్పజెప్పారు. ఆవిడ వందమంది విద్యార్థులతో వారానికి నాలుగు రోజులు పరుగులూ బరువులూ చేయించింది, ఇంకో వందమందిని వాళ్ళ మానాన వదిలేసింది. పట్నంలో పెద్దాసుపత్రిలో అందరికీ స్కానింగు తీయించింది. చివర్లో నాలుగు పేజీల నివేదిక ఇచ్చింది. వ్యాయామం చేసినవాళ్ళు హాయిగా పరిగెడుతున్నారు, నడుములు తగ్గాయి, ఆయాసం తగ్గింది, కంటినిండా నిద్రపోతున్నారు. గోధుమ కొవ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది, ఇసుమంత కూడా పెరగలేదు.

బుద్ధున్నవాళ్ళెవరైనా "పోనీలే, పిల్లలు బాగుపడ్డారు కదా" అనుకుంటారు. డైరెక్టరుగారు నివేదికని రెండు వేళ్ళతో పట్టుకుని ఆవిడ ముందు పెట్టారు.

"ఆరోగ్యం మెరుగుపడటం మన కేంద్రం పరిధిలోని అంశం కాదు డాక్టరుగారూ. దాన్ని ఫుట్‌నోట్‌లోకి తొయ్యండి."

"మరి పైన ఏం రాయమంటారు?"

"కొవ్వు పెరిగిందని."

ఆవిడ ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చి వెళ్ళిపోయింది. ఆ ఏడాది మా ప్రాంగణంలో ఎవరైనా చేసిన తెలివైన పని అదొక్కటే. ఆవిడ వెళ్ళాక ఒక ఉన్నతస్థాయి కమిటీ కూర్చుని, లోపం వ్యాయామంలోనూ లేదు, కొవ్వులోనూ లేదు, కొలిచే విధానంలో ఉందని నిర్ధారించింది. కూలంకషంగా చర్చించిన మీదటే.

కొత్త విధానం కమిటీయే కనిపెట్టింది. కొవ్వు మండితే వేడి పుడుతుంది, వేడి పుడితే చర్మానికి తెలుస్తుంది, కాబట్టి స్కానింగులెందుకు? కరోనా రోజుల్లో జ్వరం చూడటానికి కొన్న థర్మామీటర్ తుపాకులు నాలుగు వందలు స్టోర్సులో దుమ్ము పట్టి ఉన్నాయి. చలిలో కూర్చోబెట్టే ముందొకసారి, తర్వాత ఒకసారి కాలర్ ఎముక మీద గురిపెడితే సరి. ఇక చలి కావాలి. మాది గుంటూరు పక్క. మే నెలలో మా దగ్గర చలి అంటూ ఉందంటే అది మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోనే. పాలకమండలి సభ్యులొకరికి బైపాస్ మీద ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. విద్యారంగం మీద అభిమానం కొద్దీ అందులో ఒక గది వాడుకోమన్నారు. గదిలో బస్తాలు తియ్యడం మాత్రం కుదరదన్నారు.

ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది నేనే కాబట్టి మాట పొల్లుపోకుండా చెప్పగలను: "వ్యాయామానంతరం శీతల పరిసరాల యందు అర్ధగంట కాలము ఉపవిష్టులైన పిమ్మట, కాలర్ ఎముక వద్ద కనీసం రెండు డిగ్రీల ఉష్ణోగ్రతా వృద్ధి నమోదు కాని అభ్యర్థుల పట్టాలు తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయబడును." చలిలో కూర్చుంటే ఎవరి చర్మమైనా చల్లబడుతుంది గానీ రెండు డిగ్రీలు వేడెక్కుతుందా అని కమిటీలో ఒక్కరూ అడగలేదు. అడిగినా నేను మినిట్స్‌లో రాసేవాణ్ణి కాదు.

మొదటి బ్యాచ్ ఆఖరి సంవత్సరం పిల్లలు అరవైమంది. గ్రౌండు చుట్టూ ఆరు రౌండ్లు పరిగెత్తించి, చెమటలు ఆరకముందే బస్సులో కోల్డ్ స్టోరేజీకి తోలారు. ఎండుమిరప బస్తాల మధ్య చాపలు పరిచి కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలకి మొదటి తుమ్ము వినపడింది. పది నిమిషాలకి లెక్కపెట్టడం మానేశాను. అరగంట తర్వాత ముక్కులు కారుతూ, కళ్ళు వాచి, మెడలు బరబరా గోక్కుంటూ బయటికొచ్చారు. కారపు పొడి చెమట మీద అంటుకుని మెడలన్నీ ఎర్రబడిపోయాయి.

తుపాకీ పెడితే పెరుగుదల రెండు పాయింటు నాలుగు. తర్వాతి పిల్లాడికి రెండు పాయింటు తొమ్మిది. ఆ తర్వాతి అమ్మాయికి మూడు పాయింటు రెండు.

డైరెక్టరుగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన గుమ్మంలో నిలబడ్డారు మరి, ఘాటు అక్కడిదాకా వస్తోంది. మర్నాడు జిల్లా ఎడిషన్లో ఆయన ఫొటో వేసి కింద "ఆనందబాష్పాలతో ఆచార్యులు" అని రాశారు.

మా ల్యాబ్ అసిస్టెంటు ఆ మొదటిరోజే మెడికల్ లీవు పెట్టేశాడు. రెండో అతను గేటు దగ్గరే వెనక్కి తిరిగాడు. ఆ ఘాటులో రోజంతా నిలబడి తుపాకీ పట్టుకోవడం మా సిబ్బంది వల్ల కాలేదు. వరండాలో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు నలభైమంది ఉన్నారు, వాళ్ళకి తుమ్మూ రాదు, దగ్గూ రాదు. వాళ్ళలో అంకమ్మ అనే ఆవిడకి అంకెలు వచ్చు. కాటా దగ్గర బస్తాల తూకాలు చదివి చెప్పేది ఆవిడే. ఆవిడ చేతికి తుపాకీ ఇచ్చేశారు. ఆవిడ లోపలి నుంచి అంకె అరిచేది, నేను ప్లాస్టిక్ తెర ఇవతల తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి. మా అంతర్జాతీయ స్థాయి పరిశోధన అలా నడిచింది.

రెండో వారంలో, గ్రౌండు మొహమే చూడని ఒకడు చిరిగిన బస్తాకి ఆనుకుని నిద్రపోయి, లేచి మూడు పాయింటు ఆరు తెచ్చుకున్నాడు. డైరెక్టరుగారు వాడి వీపు తట్టి "సహజ ప్రతిభ" అన్నారు.

తొమ్మిదో తారీఖున ఝాన్సీ వచ్చింది.

కుంచాల ఝాన్సీ బీఏ అయిపోయింది. ఎస్సై ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గింది, పదహారు వందల మీటర్ల పరుగూ నెగ్గింది. ఇరవై నాలుగో తారీఖున సర్టిఫికెట్ల తనిఖీ. ఆ రోజు డిగ్రీ పట్టా చూపించకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్ళకి పోతుంది. ఆ ఉదయం గ్రౌండులో మగపిల్లల్ని కూడా వెనకేసి ఆరు రౌండ్లూ ముందు పూర్తి చేసింది తనే. అరగంట బస్తాల మధ్య నిమ్మళంగా కూర్చుని, ఏమీ జరగనట్టు తేలిగ్గా లేచి నిలబడింది.

"సున్నా పాయింటు మూడు," అంది అంకమ్మ. ఆవిడ గొంతు మామూలుగా లేదు.

ఇద్దరినీ తెర ఇవతలికి పిలిచి మళ్ళీ పెట్టమన్నారు. సున్నా పాయింటు మూడే. డైరెక్టరుగారు రుమాలు తీసి ముక్కు తుడుచుకుని ఆ పిల్లని ఎగాదిగా చూశారు.

"నీ కొవ్వు ఎందుకు స్పందించటం లేదమ్మా?"

"నాకు మిరపకాయలు మండవు సార్," అంది ఝాన్సీ. "చిన్నప్పటి నుంచీ సెలవులిస్తే మా అమ్మతో పాటు ఇక్కడే తొడిమలు తీసేదాన్ని. అదుగో, ఆ తుపాకీ పట్టుకుంది మా అమ్మే. వీళ్ళందరికీ మెడ మీద కారం పడి మండుతోంది. అందుకే వేడి. అది కొవ్వు కాదు సార్, కారం."

డైరెక్టరుగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు చదివింది బీఏ కదా?"

"అవును సార్."

"బీఏ చదివినవాళ్ళు జీవక్రియ గురించి వ్యాఖ్యానించకూడదు," అన్నారు మధ్యయుగాల భూమిశిస్తులో డాక్టరేటు పొందిన ఫణిభూషణంగారు. "పట్టా నిలుపుదల. సూపరింటెండెంటుగారూ, రాసుకోండి."

రాసుకున్నాను.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే అప్పీలు రాసుకుని నా సెక్షన్‌కి వచ్చింది. "సార్, వ్యాయామం చెయ్యనివాళ్ళని కూర్చోబెట్టి చూడమనండి. వాళ్ళకీ పెరుగుద్ది. ఇంకేం చెప్పక్కర్లేదు," అంది. అంత సూటిగా ఉన్న కాగితం మా ఆఫీసుకి రావడం నాకు గుర్తులేదు. ఫైలు నేనే చేత్తో పట్టుకుని పైకి తీసుకెళ్ళాను.

అప్పీళ్ళ కమిటీ అంటే ఉపకులపతిగారూ, రిజిస్ట్రారుగారూ, ఎవరి మీద అప్పీలో ఆ డైరెక్టరుగారూ. పదమూడో తారీఖున ముగ్గురూ క్షేత్రస్థాయి పరిశీలనకి బయల్దేరారు, నన్నూ ఝాన్సీనీ కూడా అక్కడికి రమ్మన్నారు. ఉపకులపతిగారు మొదటి అంతస్తుకి కూడా లిఫ్టులోనే వెళ్తారు. లిఫ్టు దాకా కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. వ్యాయామం చెయ్యనివారు కావాలంటే ఇంతకంటే మేలైనవారు మూడు జిల్లాల్లో దొరకరు. కుర్చీలు వేయించుకుని బస్తాల మధ్య అరగంట కూర్చున్నారు. బయటికొచ్చేసరికి ఆయన మెడ దానిమ్మపండు రంగులో ఉంది.

అంకమ్మ తుపాకీ పెట్టింది. "మూడు పాయింటు నాలుగయ్యా."

ఝాన్సీ నా వైపు చూసి నవ్వింది. పని అయిపోయిందనుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఉండి నేనూ అలాగే అనుకున్నాను.

ఉపకులపతిగారు మెడ తడుముకున్నారు. "ఫణిభూషణంగారూ, నాకు అరవై మూడేళ్ళు," అన్నారు మెల్లగా.

"అరవై మూడేళ్ళకి మూడు పాయింటు నాలుగు సార్! ఇరవయ్యేళ్ళ కుర్రాడి కొవ్వు సార్ మీది!"

"నేను ఈ మధ్య వ్యాయామం ఏమీ..."

"చిన్నప్పుడు బడికి నడిచి వెళ్ళేవాళ్ళమని మొన్న స్నాతకోత్సవంలో సెలవిచ్చారు కదా సార్."

"అవును. నాలుగు మైళ్ళు."

"ఆ నాలుగు మైళ్ళే సార్. యాభై ఏళ్ళుగా లోపల నిల్వ ఉంది."

రిజిస్ట్రారుగారు రెండు పాయింటు ఎనిమిది దగ్గర ఆగిపోయారు. పైవారి కన్నా తక్కువ వచ్చినందుకు ఊపిరి పీల్చుకున్నారు. ఆ సాయంత్రం నేను టైపు చేసిన ఉత్తర్వు ఇది: "వయోభారము గల ఉపకులపతులవారి యందే సదరు వృద్ధి గణనీయముగా నమోదైనందున, అభ్యర్థిని వాదన నిరాధారమని తేలినది. లోపము అభ్యర్థినిదేనని నిర్ధారించడమైనది." దయతో ఒక అవకాశం కూడా ఇచ్చారు. ఇరవయ్యో తారీఖున సప్లిమెంటరీ పరీక్ష. ఈలోగా అభ్యర్థిని తన కొవ్వుని ఒప్పించుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా టైపు చేసి, మూడు ప్రతులు తీసి, సీలు వేశాను.

ఇరవయ్యో తారీఖున ఝాన్సీ పన్నెండు రౌండ్లు పరిగెత్తి వచ్చింది. డైరెక్టరుగారు ఏసీ కారు దిగలేదు, అద్దంలోంచే చెయ్యూపారు. అరగంట అయింది. తెర వెనక తల్లి కూతురి మెడ మీద తుపాకీ పెట్టింది. తెర ఇవతల నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాను. చాలాసేపు అంకె వినపడలేదు.

"అయ్యా, ఎంతుండాల?" అంది అంకమ్మ.

"రెండు పైన."

"రెండు పాయింటు నాలుగు."

"అమ్మా, అదేందే..." అని ఝాన్సీ ఏదో అనబోయింది.

"నువ్వు నోరు ముయ్యి."

సరిగ్గా చూశావా అని అడగడం నిబంధన. అడిగాను.

"ముప్పై ఏళ్ళ నుంచి కాటా కాడ అంకెలు చూస్తన్నానయ్యా. రెండు పాయింటు నాలుగు."

రాశాను. ఇరవై మూడున పట్టా నేనే తీసుకెళ్ళి ఆ పిల్ల చేతికిచ్చాను. పోలీసు ఉద్యోగానికి వెళ్తున్న పిల్ల, ఆ కాగితం తీసుకోవడానికి ఇబ్బంది పడింది. "తీసుకో అమ్మా. దొంగతనం నువ్వు చెయ్యలేదు," అన్నాను. ఇరవై నాలుగున తనిఖీ అయింది. వారం తిరక్కుండా ట్రైనింగుకి వెళ్ళిపోయింది. నా సర్వీసులో నేను రాసిన అబద్ధాలన్నిటిలోకీ నాకు ఇష్టమైనది అదే.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. నెలాఖరున డైరెక్టరుగారు రిజిస్టరు పట్టుకుని రొప్పుతూ నా గదికొచ్చారు.

"సున్నా పాయింటు మూడు నుంచి రెండు పాయింటు నాలుగుకి! పదకొండు రోజుల్లో! ప్రపంచంలో ఎక్కడా లేదండీ ఇది. ఆ అమ్మాయి ఆ పదకొండు రోజులూ ఏ వ్యాయామం చేసింది?"

పరిగెత్తిందని చెప్పి ఊరుకోవలసింది. ఇరవై ఏడేళ్ళు మింగిన మాటలన్నీ ఆ పూటే నాలిక మీదకొచ్చాయి.

"వాళ్ళమ్మ పక్కన కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసింది సార్," అన్నాను, ఎంత వెటకారం పట్టగలదో అంతా ఆ మాటలో దట్టించి.

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు. బొటనవేలినీ చూపుడువేలినీ గాల్లో రెండుమూడుసార్లు కలిపి విడదీసి చూసుకున్నారు. "సూక్ష్మ కండరాలు," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

సర్క్యులర్ శుక్రవారం వచ్చింది. "వృంత విచ్ఛేదన వ్యాయామము" ఇకపై అన్ని డిగ్రీ కోర్సులలోనూ తప్పనిసరి. ప్రతి విద్యార్థీ దినమునకు మూడు గంటలు కోల్డ్ స్టోరేజీ ప్రాంగణమందు ఎండుమిరప తొడిమలు తొలగించవలెను. నాలుగు వందల మందికి చోటు కల్పించడానికి యజమానిగారు పెద్దమనసుతో అంగీకరించారు. విద్యారంగానికి ఇంకా ఎంత సేవ కావాలన్నా వెనుదీసేది లేదని కూడా అన్నారట. ఈ సర్క్యులరూ నేనే టైపు చేశాను.

తర్వాతి బుధవారం అంకమ్మ మా ఆఫీసుకి వచ్చింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదటిసారి. కూర్చోమంటే కూర్చోలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పాప ఎట్టా ఉంది?" అన్నాను.

"బానే ఉందయ్యా. మీ పేరు చెప్పుకుంటా ఉంటది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మొన్న సోమారం నించీ గేటు కాడ మమ్మల్ని రానియ్యటల్లేదయ్యా. పని మొత్తం కాలేజీ పిల్లలకి ఇచ్చేశారంట. నలభైమందిమి ఆడోళ్ళం మూడు రోజులుగా రోడ్డు మీదే కూర్చుంటన్నాం."

నేను ఏదో ఫైలు తెరిచాను. ఏం ఫైలో నాకే తెలియదు. తొడిమల మాట డైరెక్టరు చెవిన వేసింది నేనేనని ఆవిడకి తెలియదు.

"ఆ పిల్లలకి చేతకావటల్లేదయ్యా. కాయంతా చిదిపేస్తన్నారు, కళ్ళు నలుపుకుంటా ఏడుస్తన్నారు. గోడ ఇవతల్నించి మాకు కనపడతానే ఉంది."

"యజమానిని అడిగారా?" అన్నాను.

"అడిగామయ్యా. కాలేజీ కార్డు ఉంటేనే లోపలికి అన్నాడు." అంకమ్మ గుమ్మం వదిలి నా బల్ల దగ్గరికొచ్చింది. "పాపకి మీరే కాయితం ఇచ్చారు కదా, మాకూ చెప్పండి. ముప్పై ఏళ్ళ నించీ తొడాలు తీస్తన్నాను. ఇంక ఆ పని చెయ్యాలంటే ఏం చదవాలయ్యా?"